పేరు లేని కారు

ఆఫీసు, మూడో అంతస్తు, మెట్ల పక్క బల్ల
ఫిబ్రవరి 6

అక్కకి,

ఫోనులో మాట్లాడితే రెండో నిమిషానికి నేను అరుస్తాను, మూడో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం మీద ఎంత అరిచినా పక్క బల్లవాళ్ళు తిరిగి చూడరు.

పోయిన నెల నువ్వు పంపిన కట్టలోంచి ఆరు కార్లతోనే నా పని పూర్తయింది. పదకొండు కార్లు, ఒక్కోదానికి ఐదారు ఫొటోలు, వెనకవైపు పెన్సిలుతో నీ కొలతలు. నంబరు ప్లేట్లూ మనుషుల పేర్లూ కనబడకుండా కత్తిరించి పంపావు, మంచిపని చేశావు. అక్క బీమా సర్వేయరు కావడం నాకెంత కలిసొచ్చిందో చెప్పలేను. మా రేసింగ్ గేములో కారు దేన్నయినా గుద్దితే ఎక్కడి రేకు ఎంత నొక్కుకుపోవాలో లెక్కకట్టడం నా ఉద్యోగం. ఆ లెక్క ఊహ మీద నడవకూడదు, నిజంగా గుద్దుకున్న కార్ల మీద నడవాలి అనుకున్నాను. నడిపించాను. ఇప్పుడు గోడకి కొడితే బానెట్ మడతపడుతుంది. పల్టీ కొడితే పైకప్పు దిగుతుంది. ఆడేవాడు ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు. స్టీరింగు పట్టుకున్నవాడికి ఆ భయం తెలియాలి.

ఈ రోజు దాన్నంతా తుడిచెయ్యమన్నారు.

ఒక కార్ల కంపెనీ తన కార్లు తొమ్మిదింటిని మా గేములో చూపించుకోవడానికి లైసెన్సు ఇచ్చింది. ఆ లైసెన్సుతో వచ్చిన ముప్ఫై రెండు పేజీల ఒప్పందాన్ని, మా ఆఫీసులో ఆ వ్యవహారాలు చూసే ఒప్పందాలావిడ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "కోప్పడకుండా చదువు నాయనా" అంది. చదివాను. బంపరు మీద గీతలు పడొచ్చట. అద్దం పగలొచ్చుగానీ రాలకూడదట. తలుపు ఊడకూడదు, మంట రాకూడదు, పైకప్పు ఏ స్పీడులోనూ వంగకూడదు. చక్రాలు పైకి తిరిగి మూడు సెకన్లకు మించి కనిపించకూడదు కాబట్టి ఆలోపు కారుని మేమే నిలబెట్టేయాలి. అన్నిటికన్నా ముచ్చటైనది చివర్లో ఉంది. ప్రతి ప్రమాదం తర్వాత తెర మీద "డ్రైవర్ పొరపాటు" అని పడాలి.

"మరి బండి పొరపాటు?" అని అడిగాను.

"బండి పొరపాటు చెయ్యదు. పంతొమ్మిదో పేజీ" అంది ఆవిడ, కళ్ళజోడు సర్దుకుంటూ.

అక్కా, ఇది ఒప్పందం కాదు, ఇనుముకి కుట్టిన ముసుగు! లక్షలమంది మొదటిసారి స్టీరింగు పట్టుకునేది ఈ ఆటల్లోనే. పైకప్పు వంగదని నేర్చుకుని వాళ్ళు రోడ్డెక్కాలా? ఎవరి పేరు కాపాడటానికి ఎవరి కళ్ళకి గంతలు? నేను ససేమిరా ఒప్పుకోను.

మండిపోతున్న
నీ తమ్ముడు

*

సర్వేయర్ల గది, కిటికీ సరిగా పడని మూల
ఫిబ్రవరి 14

ఒరేయ్ అగ్గిపెట్టె,

నీ ఉత్తరం మా ప్యూను చేతికిస్తుంటే కవరు ఇంకా వెచ్చగానే ఉంది. నాలుగు పేజీల కరపత్రాలు చదివీ చదివీ నీకు ఆ భాష పట్టుకుంది. ఇనుముకి కుట్టిన ముసుగుట! ఇనుముకి వేసేది పెయింటురా.

సరే, నవ్వడం అయిపోయింది. పైకప్పులు వంగుతాయి. పధ్నాలుగేళ్ళుగా విరిగిన కార్ల చుట్టూ టేపు పట్టుకుని తిరుగుతున్నాను. షెడ్డుకి రాగానే నేను ముందు చూసేది పైకప్పే. అది నిలబడి ఉంటే మెకానిక్కుతో రెండు మాటలు జోకులేసి పని మొదలుపెడతాను. దిగి ఉంటే ఎవరితోనూ మాట్లాడను. ఇది ఎవరూ నేర్పింది కాదు, అలా అలవాటైపోయింది.

అలాగని మీ ఆఫీసులో కుర్చీలు ఎత్తెయ్యకు. వాళ్ళ కారు, వాళ్ళ పేరు. ఇస్తే షరతులతోనే ఇస్తారు. నీతోపాటు ఆ మెట్లెక్కి పనిచేసేవాళ్ళు ముప్ఫైమందని నువ్వే చెప్పావు.

ఇంకో మాట. ఆ కట్టలో ఏడో నంబరు కారుంది చూడు, వెండిరంగు టాక్సీ, రోడ్డు కట్ట మీంచి పొలంలోకి పల్టీ కొట్టింది. దాన్ని తీసెయ్. పొరపాటున కలిసింది. దాని కొలతలు సరిగా తియ్యలేదు.

వేళకి తిను. గొంతు చించుకోకు.

అక్క

*

ఆఫీసు, మెట్ల పక్క బల్ల
ఫిబ్రవరి 27

అక్కకి,

తీసెయ్యమన్నావు కాబట్టి తీసి చూశాను. నా సంగతి నీకు తెలిసిందే.

నువ్వు కొలతలు సరిగా తియ్యలేదంటే నేను నమ్మను. టేపు పట్టే ముందు దాని కొన గోరుతో గీకి చూసుకునే మనిషివి నువ్వు. పైగా ఈ ఏడో కారు మాకు లైసెన్సు ఇచ్చిన కంపెనీదే, మా తొమ్మిదిట్లో ఒకటి. దాని బరువూ, ఉక్కు మందమూ, పైకప్పుని మోసే స్తంభాల బలమూ అన్నీ కంపెనీవాళ్ళే మాకు ఇచ్చారు. నీ కొలతలు పక్కన పెట్టుకుని, రోడ్డు కట్ట మీంచి పొలంలోకి దాన్ని తోశాను. రకరకాల స్పీడుల్లో తోశాను.

గంటకి నూట ఇరవైలో తోస్తే నాలుగు పల్టీలు కొట్టింది. ముందు దీపాలు లేవు, బానెట్ లేదు, ఒక చక్రం ఊడి ఎటో పోయింది. నీ ఫొటోలో రెండు దీపాలూ చెక్కుచెదరలేదు. ఎడమవైపు అద్దం కూడా వేలాడుతూ బాగానే ఉంది.

అరవైలో తోస్తే ఒకటే పల్టీ. తలుపు మీద నొక్కు నీ ఫొటోలో ఉన్నచోటే పడింది. దీపాలు బాగున్నాయి. అంతా అతికినట్టు సరిపోయింది, ఒక్కటి తప్ప. నా తెర మీద పైకప్పు పదకొండు సెంటీమీటర్లు దిగింది. నువ్వు రాసింది ముప్ఫై ఎనిమిది.

ఏం చేసినా పదకొండు దాటలేదు. చివరికి విసుగొచ్చి, డ్రైవరు వైపు ముందు స్తంభం బలాన్ని సగానికి తగ్గించాను. ముప్ఫై ఏడు వచ్చింది.

అంటే ఆ స్తంభం ముందే సరిగా అతకలేదు. అంతేనా? అక్కా, నీ రిపోర్టులో స్పీడు ఎంతని రాశావు?

తమ్ముడు

*

సర్వేయర్ల గది
మార్చి 8

తమ్ముడూ,

నూట ఇరవై అని రాశాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పేదాన్ని కాదు. కట్ట కట్టేటప్పుడు ఆ ఫొటోలు చేతిలోకి వస్తే వెనక్కి పెట్టేశాననే అనుకున్నాను. చెయ్యి ఎందుకు మరిచిపోయిందో దానికే తెలియాలి.

రెండేళ్ళ కిందటి మాట. ఆ కారు షెడ్డులో ఉండగా నేను వెళ్ళేసరికి కంపెనీ ఇంజనీరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు, నాకు కుర్చీ కూడా తెప్పించాడు. నేను కొలిచాను. ముందు స్తంభం దగ్గర పెయింటు గీకి చూశాను. పన్నెండు వెల్డింగు చుక్కలుండాలి. పట్టుకున్నవి ఐదు. మిగతా ఏడూ అసలు అంటుకోనే లేదు, రేకు మీద రేకు ఊరికే ఆనుకుని ఉంది. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

అతను పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. "అమ్మా, మీ టేపు మీద నాకు అనుమానం లేదు. కానీ మా పైకప్పు తక్కువ స్పీడులో అంత దిగదు. దిగిందంటే స్పీడు ఎక్కువై ఉండాలి. లెక్క మీరే కట్టుకోండి."

కట్టుకున్నాను. పైకప్పు మంచిదే అని మొదలుపెడితే లెక్క నూట ఇరవైకే వస్తుంది. వెల్డింగు సంగతి రాయనా అని మా పై అధికారిని అడిగాను. "కారు తయారీ మన పనా? మనం కొలిచేవాళ్ళం" అన్నాడు. ఆ లైను వదిలేసి సంతకం పెట్టాను.

డ్రైవరు మొదటినుంచీ అరవై దాటలేదనే చెప్పాడు. పక్క సీట్లో కూర్చున్నది అతని సొంత అన్న. అక్కడికక్కడే పోయాడు. నా రిపోర్టు చూసి ఇతని డ్రైవింగు లైసెన్సు రద్దుచేశారు. ఇప్పుడు పార్సిల్ గోడౌనులో పెట్టెలు మోస్తున్నాడని విన్నాను. అన్న భార్య ఇతన్ని గడప తొక్కనివ్వడం లేదట.

కోపం వస్తే రానీ. రావాలి.

అక్క

*

నా గది
మార్చి 11

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

చిన్నప్పటినుంచీ నేను ఎవరి మీద అరిచినా, వెనకాల మా అక్క ఉంది, ఆవిడ తప్పు చెయ్యదు అనే ధైర్యంతోనే అరిచాను. కంపెనీవాడు అబద్ధం ఆడితే అది వాడి పుట్టుక. నువ్వు? మర్యాదగా కుర్చీ వేయించాడని ఒక మనిషి బతుకు రాసిచ్చేశావా? మౌనంగా ఉండటం కూడా సంతకమే అని నా గోడ మీద రాసి పెట్టుకున్నాను. నువ్వు మౌనంగా కూడా లేవు. నిజంగానే సంతకం పెట్టావు!

ఇక ఆగను. ఆ ముప్ఫై రెండు పేజీలూ, ఆ ఏడో కారూ, పైకప్పు దిగే నా అసలు గేమూ మొత్తం ఇంటర్నెట్టులో పెట్టేస్తాను. లోకం చూడనీ. ఉద్యోగం పోతే పోనీ.

*

సర్వేయర్ల గది
మార్చి 19

తమ్ముడూ,

తిట్టావు. తిట్టించుకున్నాను. ఇప్పుడు నేను చెప్పేది విను.

ఏడో కారు మూడో ఫొటో మళ్ళీ చూడు. ముందు సీటు కింద ఒక చెప్పు ఉంది. కుడికాలిది, బొటనవేలి దగ్గర తీగతో కట్టుకున్నది. ఆ పోయినాయనది. నువ్వు లోకం ముందు పెడితే లోకం నీ న్యాయాన్ని చూడదురా, ఆ కారు పల్టీ కొట్టడాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి చూస్తుంది. ఆ డ్రైవరుకి కావలసింది లోకం కాదు. అతని ఫైలు మీద ఉన్న ఒక్క అంకె మారాలి. దాన్ని రాసింది నేను. మార్చాల్సిందీ నేనే.

సోమవారం వెళ్ళి విచారణాధికారికి అర్జీ ఇచ్చాను. నా రిపోర్టు తప్పు, ఒక లైను కావాలని వదిలేశాను అని రాసి సంతకం పెట్టాను. నోటుపుస్తకం కూడా చూపించాను. ఆయన పేజీలు తిప్పి, "పెన్సిలు రాతమ్మా. నిన్న రాశారో రెండేళ్ళ కిందట రాశారో ఎవరు చెప్పాలి? మీతో సంబంధంలేని లెక్క ఇంకొకటి తెండి. మీ లెక్క మీద మీకే నమ్మకం లేదు కదా ఇప్పుడు" అన్నాడు. తప్పు పట్టలేకపోయాను.

నీ లెక్క పనికొస్తుందేమో అడుగుతున్నాను. తమ్ముడివని ముందే చెప్పేస్తాను, దాచేదేమీ లేదు. కుదరకపోతే కుదరదని రాయి.

ఇంకొకటి. మొదటి ఉత్తరం తర్వాత నువ్వు రాసిన రెండిట్లోనూ ఆ ఒప్పందం ఏమైందో లేదు కాబట్టి అడుగుతున్నాను. మీ గేములో ఇప్పుడు పైకప్పు వంగుతోందా?

అక్క

*

ఆఫీసు, మెట్ల పక్క బల్ల
ఏప్రిల్ 16

అక్కకి,

వంగడం లేదు.

ఫిబ్రవరి ఇరవైనే ఆమోదపత్రం వచ్చింది. "పైన చెప్పిన కార్లలో పైకప్పు ఏ పరిస్థితిలోనూ వంగదని ధ్రువీకరిస్తున్నాను" అని అచ్చువేసి, కింద నా ఉద్యోగం పేరు, సంతకానికి ఒక గీత. ఒప్పందాలావిడ పెన్ను మూత కూడా తీసి ఇచ్చింది. మా పెద్దాయన, ఈ సంస్థ పెట్టినాయన, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. గదిలో ముప్ఫైమందీ నా వైపు చూడకుండా పని చేసుకుంటున్నారు. సంతకం పెట్టాను. "డ్రైవర్ పొరపాటు" అనే ఆ రెండు మాటలు కూడా నా చేత్తోనే టైపు చేశాను. ఆ తర్వాత వారానికే కూర్చుని నీ రిపోర్టులో స్పీడు ఎంతని అడిగాను. ఆ తర్వాతే నిన్ను అన్ని మాటలూ అన్నాను. నెల రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అది నాకు సులువైపోతుంది.

లెక్క సంగతికి వస్తాను. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఆ కారు లెక్క విచారణకి ఇస్తాను అన్నాను. నేను అరవలేదు, ఆయనే ఆశ్చర్యపోయాడు.

"అది మన కారు కాదయ్యా" అన్నాడు. "వాళ్ళు చూపించుకోమని ఇచ్చింది. వాళ్ళ అంకెలు ఈ గది దాటాయంటే తొమ్మిది కార్లూ వెనక్కి పోతాయి, గేము అంగట్లోంచి దిగిపోతుంది. నిన్నొక్కణ్ణే అయితే పొమ్మందును. మిగతావాళ్ళ ఇళ్ళకి నువ్వు వెళ్ళి చెబుతావా?"

ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేదో!

రెండు రోజులు ఆ ముప్ఫై రెండు పేజీలూ మళ్ళీ చదివాను, ఈసారి కోప్పడకుండా. ఎక్కడ చూసినా "పై పేరుగల కార్లు" అనే ఉంది. ఆ పేరు, ఆ గుర్తు, ఆ రూపం, వాళ్ళిచ్చిన అంకెలు. పేరు లేని కారు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అసలు గేముల్లో మేం సొంతంగా ఊహించి చేసుకునే కార్లుంటాయి. వాటిని ముక్కలు చేసినా కాల్చినా అడిగేవాడు లేడు. నిజమైన నష్టం వాటికే జరగనిస్తారు.

అందుకని ఇంట్లో, నా సొంత కంప్యూటరు మీద, ఒక పెట్టె కట్టాను. గుర్తు లేదు, రంగు లేదు, అందం అసలే లేదు. పొడవూ వెడల్పూ నీ టేపువి. బండితోపాటు కొన్నవాళ్ళందరికీ ఇచ్చే చిన్న పుస్తకాన్ని, ఫోను చేసి నీ చేత డ్రైవరుని అడిగించి తెప్పించుకున్నాను కదా, బరువు అందులో ఉంది. ఆ రకం ఉక్కు బలం కాలేజీ పాఠ్యపుస్తకంలో ఉంది. కట్ట ఎత్తు నువ్వు కొలిచిందే. కంపెనీ ఇచ్చిన అంకె ఒక్కటీ వాడలేదు. డ్రైవరు వైపు స్తంభాన్ని పన్నెండు చుక్కలతో కాకుండా ఐదు చుక్కలతో అతికించి తోశాను. అరవై రెండు స్పీడు. ఒక పల్టీ. దీపాలు పగల్లేదు. పైకప్పు ముప్ఫై ఏడున్నర.

పదహారు పేజీల లెక్క ఇందులో పెడుతున్నాను. ప్రతి మెట్టూ చేత్తో రాశాను, ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు. జూన్‌లో విచారణ అని ఆ ఫోనులోనే అన్నావు కదా, వచ్చి నిలబడతాను.

ఆమోదపత్రం మీద నా సంతకం వెనక్కి తీసుకుంటానని రాసిచ్చాను. పెద్దాయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంకొకతని చేత కొత్త కాగితం మీద పెట్టించాడు. పైకప్పు వంగదు. నన్ను కార్ల మీంచి తీసి ట్రాకు పక్కన చెట్లు చెయ్యమన్నారు. చేస్తున్నాను. చెట్లకి ఒప్పందాలు లేవు, గాలికి వంగుతాయి.

తమ్ముడు

*

ఫైళ్ళ గది, నేల అంతస్తు
జులై 2

తమ్ముడూ,

నా చిరునామా మారింది చూశావా. ఇక బండ్ల దగ్గరికి పంపరట. టేపు అప్పగించెయ్యమన్నారు. అది నా సొంతదని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

విచారణలో నువ్వు మాట్లాడిన తీరు గురించి ఒక మాట రాయాలి. ఆ కంపెనీ వకీలు నిన్ను "కారు బొమ్మలు గీసే అబ్బాయి" అన్నప్పుడు నేను కుర్చీ పట్టుకున్నాను, ఇప్పుడు లేస్తాడు అనుకుని. నువ్వు "అవునండీ, తొమ్మిదో పేజీ చూడండి" అన్నావు. ఆ అగ్గిపెట్టె ఎక్కడ పారేశావురా? పూర్తిగా పారెయ్యకు.

ఉత్తర్వు మొన్న వచ్చింది. స్పీడు అరవై రెండుకి అటూఇటూ అనీ, స్తంభం అతుకు లోపమనీ, డ్రైవరు పొరపాటు లేదనీ రాశారు. అతని లైసెన్సు తిరిగి ఇవ్వమన్నారు. కంపెనీ పై కోర్టుకి వెళతానంటోంది, వెళ్ళనీ.

ఆ కాగితం ఇవ్వడానికి గోడౌనుకి నేనే వెళ్ళాను. అతను పెట్టె దించి, చేతులు తుడుచుకుని, "మీరే చదవండమ్మా" అన్నాడు. అంకె వచ్చేసరికి ఆపి మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

"అరవై అని నేను చెప్పాను కదమ్మా" అన్నాడు. "కానీ నూట ఇరవై అని అచ్చులో వచ్చింది. చదువుకున్నవాళ్ళు కొలిచి రాశారు. నా కళ్ళే మీటరుని తప్పు చూశాయేమో అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి నాకు నూట ఇరవై నడిపినట్టే గుర్తొచ్చేది."

అతను లైసెన్సు గురించి అడగలేదు. "మా వదిన దగ్గరికొచ్చి చదువుతారా? నేను చెబితే నమ్మదు" అన్నాడు.

ఆవిడ ఇంటి ముందు గదిలోనే మిషను కుడుతోంది. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. గడప బయటే నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టాను, మిషను చప్పుడు మీదుగా. అరవై రెండు అనగానే ఆవిడ అరచేత్తో చక్రం ఆపేసింది.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?" అంది అతనితో. రెండేళ్ళలో అదే మొదటి మాటట.

"చెప్పాను వదినా. అందరికీ చెప్పాను."

ఆవిడ తల నా వైపు తిప్పింది. "మరి ఆ నూట ఇరవై ఎవరు రాశారమ్మా?"

"నేనే" అన్నాను.

ఆవిడ లేచి, మరిదికి కుర్చీ జరిపింది. నాకు జరపలేదు. మిగతా రెండు పేజీలూ నిలబడే చదివాను.

అక్క